తేదీ వేయని చెయ్యి

క్రిస్టఫర్ కుడిచేతి వేళ్లు మూడు విరిగిపోయి ఉన్నాయి. లాకప్ కటకటాల్లోంచి ఆ చెయ్యి బయటికి చాపి, "మేడం, ఇది నా సెయ్యిలాగ లేదు" అన్నాడు.

ఎవరు విరిచారని నేనడగలేదు. ముప్ఫై రెండేళ్లు ఈ డిపార్ట్‌మెంట్‌లోనే చేసి, ఏఎస్సైగా రిటైరై, నర్సీపట్నంలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న వర్ధనమ్మని నేను. లాఠీ కణుపుల మీద పడితే వాపు ఏ రంగులో ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒళ్లు మండిపోయింది. మండినా, మంగళవారం పదకొండుంపావు అప్పటికే అయింది. నాలుగ్గంటలకి వీణ్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అప్పటికి వీడు హత్య ఒప్పేసుకుంటాడని వీడి భార్య కరుణకుమారి భయం. పొద్దున్నే నా గుమ్మంలో కూర్చుని, "ఆయన దెబ్బకి ఆగే మనిషి కాదమ్మా, ఎలా సెప్పమంటే అలా సెప్పేస్తాడు" అని ఒకటే ఏడుపు.

"క్రిస్టఫర్, టైములు చెప్పు. ఏడవకుండా చెప్పు."

"సోమారం పొద్దున్న అయిదు యాభైకి లారీల కాటా దగ్గరికి ఒచ్చాను మేడం. ఆరింటికి నా డ్యూటీ. రాత్రి డ్యూటీ తోమా గారిది. తలుపు తీసుంది. ఆయన కుర్చీకీ గోడకీ మద్దిన పడున్నారు. తల..." కటకటాలకి నుదురు ఆనించాడు. "ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాను. ఇంకా ఎచ్చగానే ఉన్నారు. అప్పుడే నా చేతులకీ బట్టలకీ నెత్తురంటుకుంది."

"పోలీసులు?"

"నేనే ఫోన్ చేసాను. ఆరున్నరకి ఒచ్చారు. ఏడయ్యేసరికి నన్ను ఇక్కడ పడేసారు. అప్పట్నించీ ఇక్కడే."

"తోమాతో రోజూ గొడవపడతావట కదా? చుట్టుపక్కల అందరూ చెబుతున్నారు."

ఆ దెబ్బల్లోనూ వాడికి సిగ్గేసింది. "గొడవే మేడం. కరెంటు పోయొస్తే కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసేటప్పుడు సరిగ్గా ఎక్కించేవారు కాదు. ఎంత సెప్పినా ఇనరు. ఆ మాటే అరిచేవోణ్ని. పెద్దాయన్ని అలా అరిచానే అని ఇప్పుడు..."

"గొడవ దేని గురించైతే ఏం, గొడవ గొడవే కదా" అంటూ వెనక నుంచి సీఐ శరత్‌చంద్ర వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని యూనిఫాం, చేతిలో ఫోను. పన్నెండేళ్ల కిందట ప్రొబేషనరీ ఎస్సైగా వచ్చినప్పుడు వీడికి ఎఫ్ఐఆర్ రాయడం నేర్పింది నేనే. ఇప్పుడు నన్ను చూస్తే వీడికి కారం తిన్నట్టుంటుంది.

"అమ్మా, లాకప్ దాకా రానిచ్చింది పాత గౌరవం కొద్దీ. ఇంక చాలు. బోర్డు పెట్టుకున్నంత మాత్రాన మీరు పోలీసు అయిపోరు."

"వేళ్లు విరిచినంత మాత్రాన నువ్వూ అయిపోవు శరత్. సాక్ష్యం ఏముంది నీ దగ్గర?"

వాడికి కావలసిందీ అదే. సాక్ష్యం చూపించుకోవడమంటే ప్రొబేషన్ రోజుల్నించీ సరదా. ఫోన్‌లో ఒక ఫోటో తీసి నా మొహం ముందు పెట్టాడు. నీలిరంగు తెర, మధ్యలో తెల్లటి అక్షరాలు.

"కాటా గదిలో కంప్యూటర్. గదిలోని కెమెరా కూడా దానికే కలిపుంది. నిన్న మధ్యాహ్నం మూడూ పదికి మా కంప్యూటర్ కుర్రాడితో తెరిపించాను. రాత్రి తాలూకు వీడియోలే కాదు, డిస్కు మొత్తం తుడిచేశారు. ఎలా తుడిచారో తెలుసా? మెషీన్ లేవగానే ముందు ఏ డిస్కుని చూడాలో ఒక వరస రాసుంటుంది, బూట్ ఆర్డర్ అంటారు. ఆ వరస మార్చి పెన్‌డ్రైవ్‌ని పైకి తెచ్చారు. దాంతో మెషీన్ లేపి డిస్కు ఫార్మాట్ కొట్టారు. పెన్‌డ్రైవ్ వెనక గుచ్చే ఉంది, అది ఈ క్రిస్టఫర్‌ది. ఆ వరస మార్చడం ఆ కాటాలో తెలిసింది వీడొక్కడికే. తోమాని అయిదింటికి చంపాడు, తుడిచాడు, ఆరింటికి అమాయకుడిలా ఫోన్ చేశాడు."

నేను ఫోటోలోని వరసని చూడలేదు. కింద కుడి మూల చూశాను. ఆ మూల గడియారం ఉంది. దాంట్లో అంకెలు చదివాను, మళ్లీ చదివాను. మొహంలో మాత్రం ఏమీ కనబడనివ్వలేదు.

"బాగుంది బాబూ. ఇది నా వాట్సాప్‌కి పంపు."

"దేనికి?"

"ఫ్రేము కట్టించుకోడానికి. నా శిష్యుడు కదా."

పంపాడు. పొగడ్తకి లొంగడం కూడా వీడికి అప్పట్నించే. "పన్నెండున్నరకి వీణ్ని కాటా దగ్గరికి తీసుకెళ్తున్నా. కొట్టిన జాకీ రాడ్ ఎక్కడ పడేశాడో చూపిస్తాడు. చూపించకపోతే ఎడమ చెయ్యి ఇంకా బాగానే ఉంది" అన్నాడు.

"నేనూ వస్తాను" అన్నాను.

*

గోవింద వేబ్రిడ్జి నాతవరం రోడ్డు మీద ఉంది. లారీలు ఎక్కి తూగే ఇనప వేదిక, దాని పక్కన పదడుగుల గది, అంతే. గుమ్మంలో కానిస్టేబుల్ దేవుళ్లు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నిన్న పొద్దున్న ఏడు నుంచి కాపలా వాడిదే. శరత్ ఇంకొకణ్ని పంపుతానంటే, "నానుంటానండి బాబూ, మనకి ఎండ అలవాటే" అని తనంతట తనే ఉండిపోయాడట. మంచివాడనుకున్నాను.

మేనేజరు హేమసుందర్ తాళాలతో ఎదురొచ్చాడు. ముప్ఫై ఏళ్లుంటాయి, కాటా యజమానికి మేనల్లుడు, మెడలో లావుపాటి గొలుసు. "మా తోమాని చంపినోణ్ని ఇంకా మేపుతున్నారేటండీ" అని, జీపు దిగుతున్న క్రిస్టఫర్ డొక్కలో ఒక్క తన్ను తన్నాడు. క్రిస్టఫర్ కంకర మీద బోర్లా పడ్డాడు. శరత్ అటు తిరిగి ఫోన్ చూసుకున్నాడు. నేను హేమసుందర్ చెంప మీద ఒకటిచ్చాను.

"కస్టడీలో ఉన్న మనిషిని ముట్టుకుంటే ఈసారి పళ్లు ఏరుకుంటావు."

"ఎవరీ ముసల్ది?"

"నీ ముసల్ది కాదులే. తలుపు తియ్యి."

లోపల వాసన కొడుతోంది. నెత్తురు ఎండి నల్లబడి ఉంది. కీబోర్డు సందుల్లోకి, కుర్చీ చక్రాల్లోకి, వెంకటేశ్వరస్వామి క్యాలెండరు మీదికి, పక్కనే తోమా తగిలించుకున్న వాక్యాల క్యాలెండరు మీదికీ చిందింది. నేను పైకి చూశాను. సీలింగు మీద నెత్తుటి చుక్కలు గీతల్లా సాగి ఉన్నాయి. నాలుగు గీతలు. మొదటి దెబ్బకి నెత్తురు రాడ్‌కి అంటుకుంటుంది, రెండో దెబ్బకి ఎత్తినప్పుడు పైకి చిందుతుంది. అంటే అయిదు దెబ్బలు. మొదటి దానికే ప్రాణం పోయుండాలి. మిగతా నాలుగూ కసి.

"పోస్టుమార్టంలో మణికట్ల సంగతేం రాశారు?"

"రెండిటి మీదా కమిలిన గుర్తులు" అన్నాడు శరత్ ఇష్టం లేకుండానే.

"వేళ్ల గుర్తులా, తాడు గుర్తులా?"

"వేళ్లవే."

"రెండు చేతులూ పట్టుకున్నవాడు రాడ్ ఏ చేత్తో ఎత్తాడు బాబూ? ఇద్దరు మనుషులు. ఒకడు వెనక నుంచి పట్టుకున్నాడు, ఒకడు కొట్టాడు."

క్రిస్టఫర్‌ని ఎడమచేతికి పొడుగు గొలుసు బేడీ వేసి, కిటికీ ఊచకి తగిలించి కింద కూర్చోబెట్టారు. వాడు తోమా పడున్న చోటు వైపు చూడకుండా మోకాళ్లలో మొహం దాచుకున్నాడు.

మానిటరు అంచున ఒక కాగితం అంటించి ఉంది. క్రిస్టఫర్ దస్తూరీ. 'కరెంటు పోయి వస్తే ఎఫ్1 నొక్కేసి ఊరుకోకూడదు. డిలీట్ నొక్కాలి. ముందు తేదీ వేయాలి. తర్వాత బూట్‌లో రెండో డిస్కు పైకి తేవాలి. ఎఫ్10. తోమా గారూ, దయచేసి.' ఆ చివరి మాట చదివేసరికి నాకు కళ్లు చెమర్చాయి. ఇదా వీళ్ల పగ.

"శరత్, ఇలా రా. దేవుళ్లూ, మెయిన్ స్విచ్ ఒకసారి దించి మళ్లీ వెయ్యి."

"అది సాక్ష్యం, ముట్టుకోవద్దు" అన్నాడు శరత్.

"నీ సాక్ష్యం ఫోటోలో భద్రంగానే ఉంది. చూడు."

మెయిన్ దించి వేశాడు. యూపీఎస్ ఎప్పుడో చచ్చిపోయినట్టుంది, మెషీన్ టప్పున ఆరిపోయింది. నేను స్విచ్ నొక్కాను. బీప్‌మని అరిచి, నల్లతెర మీద 'ఎఫ్1 నొక్కు' అని అడిగింది. నేను డిలీట్ నొక్కాను. నీలితెర వచ్చింది. బూట్ వరసలో పాత డిస్కు మొదట, కొత్త డిస్కు రెండోది, పెన్‌డ్రైవ్ ఆఖరున. మూల గడియారం 2010 జనవరి ఒకటి, సున్నా గంటల సున్నా నిమిషాలు చూపిస్తోంది.

"లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటుంటుంది. అది చచ్చిపోతే, కరెంటు పోయినప్పుడల్లా ఈ మెషీన్ తేదీ మర్చిపోతుంది, బూట్ వరస మర్చిపోతుంది. మళ్లీ మనిషి స్విచ్ నొక్కిన నిమిషం నుంచి రెండు వేల పది సంక్రాంతి నెల మొదలుపెడుతుంది. మన స్టేషన్‌లో పాత మెషీన్ గుర్తుందా? దాని బ్యాటరీ పోయి ఎఫ్ఐఆర్ మీద ఎనిమిదేళ్ల కిందటి తేదీ పడింది, కేసు కోర్టులో పోయింది, నాకు మెమో వచ్చింది. ఆ అంకెలు నా జన్మలో మర్చిపోను. ఇప్పుడు నీ ఫోటో తియ్యి. మూలన ఎంతుంది?"

శరత్ ఫోటోని పెద్దది చేశాడు. "జనవరి ఒకటి, రెండు వేల పది. మూడు గంటల ముప్ఫై ఎనిమిది నిమిషాలు."

"ఫోటో తీసింది మూడూ పదికి. మూడు గంటల ముప్ఫై ఎనిమిది నిమిషాలు వెనక్కి లెక్కెయ్యి."

వాడి పెదాలు కదిలాయి. "పదకొండూ ముప్ఫై రెండు."

"సోమవారం పదకొండూ ముప్ఫై రెండుకి ఎవరో ఈ మెషీన్ స్విచ్ నొక్కారు. నిన్న లైను పని ఉందని తొమ్మిది నుంచి పదకొండుంపావు దాకా ఈ రోడ్డంతా కరెంటు తీశారు. హత్య వేళకి ఎవరైనా వరస మార్చి ఉంటే ఆ కోతతో అదంతా చెరిగిపోయేది. నీకు పెన్‌డ్రైవ్ పైన కనబడిందంటే మార్చింది పదకొండూ ముప్ఫై రెండు తర్వాత. ఇంకోటి చూడు. ఆ మనిషి తేదీ వేయలేదు. బరువు చీటీ మీద తేదీ తప్పు పడితే లారీవాళ్లు ఊరుకోరు, అందుకే క్రిస్టఫర్ నిద్దట్లోనైనా ముందు తేదీ వేస్తాడు. వరస మార్చింది ఈ కుర్చీలో ఎప్పుడూ డ్యూటీ చేయనివాడు. అప్పుడు క్రిస్టఫర్ ఎక్కడున్నాడు శరత్?"

శరత్ మొహం మాడిపోయింది. నాకు కారణం తెలుసు.

"రికార్డు ప్రకారం..." అని ఆగాడు. "రికార్డు ప్రకారం వీణ్ని అరెస్టు చేసింది ఈరోజు పొద్దున్న ఎనిమిదింటికి, బస్టాండు దగ్గర. నిన్న పదకొండున్నరకి వీడు బయటే ఉన్నాడు. వచ్చి మార్చి ఉండొచ్చు."

"సర్, నేను మీ లాకప్‌లోనే ఉన్నాను కదండీ" అన్నాడు క్రిస్టఫర్. "మీరే కదండీ వేళ్లు..."

పట్టుకొచ్చేది ఒకరోజు, కాగితం మీద రాసేది ఇంకోరోజు. మధ్యలో ఒక పగలూ ఒక రాత్రీ చేతిలో ఉంటే ఒప్పించడం సులువని శరత్‌కి ఆ విద్య నేర్పింది కూడా నేనే. ఆనాడు గొప్పగా నేర్పాను. ఇప్పుడు ఆ నేర్పిన నోరు చేదుగా ఉంది. వీడు నిజం రాస్తే వీడి యూనిఫాం ఊడుతుంది, రాయకపోతే క్రిస్టఫర్ పద్నాలుగేళ్లు లోపల కుళ్లుతాడు.

శరత్‌ని కాసేపు వదిలేసి గది మళ్లీ చూశాను. తోమా పడిన మూల, నెత్తుటి మరక అంచున, మట్టి ప్రమిద ఒకటి ఉంది. దాన్నిండా నూనె. వత్తి తెల్లగా ఉంది, అగ్గి తగిలిన జాడే లేదు.

"దేవుళ్లూ, ఇదెవరు పెట్టారు?"

"ఆఁ, అదాండి. ప్రాణం పోయిన సోట దీపం ఎట్టాల గదండమ్మగోరూ. తోమా ఇంటోళ్లొచ్చి ఎట్టుకెళ్లినారండి."

"తోమా ఇంటివాళ్లా?"

"ఔనండి."

"తోమా కుటుంబం మూడు తరాలుగా మిషన్ చర్చికి వెళ్తోంది. వాళ్లు ప్రార్థన చేసుకుంటారు గానీ ప్రమిద పెట్టరు. పైగా పెట్టినవాడు వెలిగించలేదు. లోపలికి రావడానికి దీపం సాకు, అంతే. నీ కాపలాలో పదకొండున్నరకి ఎవణ్ని లోపలికి పంపావు?"

దేవుళ్లు తల గోక్కున్నాడు. "తప్పయిపోయిందండి. మేనేజరు బాబు ఒచ్చినారండి. ఆరి సోటు, దీపమెట్టుకుంతానంటే ఎలగ కాదంతానండి. రెండు నిమిషాలే అన్నారండి."

శరత్ వాడి కాలరు పట్టుకుని గోడకి కొట్టాడు. "ఆ ముక్క నిన్న ఎందుకు చెప్పలేదురా?"

"బయమేసిందండి బాబూ."

నేను హేమసుందర్ వైపు తిరిగాను. వాడు గుమ్మానికీ టేబులుకీ మధ్య నిలబడి ఉన్నాడు.

"హేమసుందర్, పోయిన వారం నాతవరం దారిలో, నీ కాటాలో తూగిన గ్రావెల్ లారీ బ్రేకు పడక షేర్ ఆటో మీదికెక్కింది. ఇద్దరు నలిగిపోయారు. లారీలో ఎంత బరువుందో తోమా చీటీ కొట్టాడు. ఆ చీటీ మార్చమన్నావు, మార్చనన్నాడు, పొద్దున్న కరుణకుమారి చెప్పింది. అవునా?"

"ఏటి వాగుతున్నావ్?"

"చంపేటప్పుడు కెమెరా గుర్తులేదు. ఇంటికెళ్లాక గుర్తొచ్చింది. కరెంటు రాగానే ప్రమిద పట్టుకుని వచ్చావు, సొరుగులోని క్రిస్టఫర్ పెన్‌డ్రైవ్ తీశావు, వరస మార్చి డిస్కు తుడిచావు. కాగితం కళ్లెదురుగానే ఉంది, ముందు తేదీ వేయాలని. చదవలేదా? పెద్ద మేనేజరువి, పనివాడి కాగితం నువ్వెందుకు చదువుతావులే."

వాడు చదివుంటే బాగుండేదని అప్పుడే అనుకున్నట్టున్నాడు, కళ్లు ఒక్కసారి ఆ కాగితం మీదికి వెళ్లాయి. మరుక్షణం వంగాడు. కాటా సరిచూసే ఇరవై కిలోల ఇనప రాయి టేబులు కింద ఉంది. దాని పిడి రెండు చేతులా పట్టి శరత్ మోకాలి మీదికి విసిరాడు. ఎముక విరిగిన చప్పుడు గదంతా వినబడింది. శరత్ కేక వేసి కూలిపోయాడు, నడుముకున్న పిస్తోలు ఒరలోంచి జారి టేబులు కిందికి పోయింది.

హేమసుందర్ నా మీదికొచ్చాడు. మొదటి గుద్దు భుజం మీద పడింది, చెయ్యి మొద్దుబారిపోయింది. రెండోది దవడ మీద. నోట్లో పన్ను కదిలింది, నెత్తురు ఉప్పగా తగిలింది. వాడి చేతులు నా గొంతు చుట్టూ బిగిశాయి. ఊపిరాడలేదు, కళ్ల ముందు మసకలు కమ్మాయి. గుమ్మంలో దేవుళ్లు కదలకుండా నిలబడి చూస్తున్నాడు. భయంతో బిగుసుకుపోయాడనుకుని మనసులోనే తిట్టాను. నేల మీదికి ఒరిగిపోయాను, చేతికి ప్రమిద తగిలింది. నూనెతో సహా వాడి కళ్లలో కొట్టి పగలగొట్టాను. పెంకు కనుబొమలో దిగింది. వాడు గావుకేక పెట్టి వెనక్కి తూలాడు. క్రిస్టఫర్ కూర్చున్న చోటు నుంచే రెండు కాళ్లూ చాచి వాడి చీలమండ మీద తన్నాడు. పడుతూ పడుతూ వాడు గోడనున్న మెయిన్ స్విచ్ పట్టుకుని కిందికి గుంజాడు. కరెంటు పోయింది.

శరత్ కుంటికాలు ఈడ్చుకుంటూ వాడి మీదికి పాకాడు. జుట్టు పట్టుకుని మొహం నేలకేసి మోదాడు. ఒకసారి, రెండుసార్లు. ముక్కు పగిలి నెత్తురు పాత మరకలో కలిసింది. మూడోసారి మోదబోతుంటే నేను ఆపాను.

"చాలు. వాడు మాట్లాడాలి."

"బేడీలు నానేస్తానండి" అన్నాడు దేవుళ్లు అప్పుడొచ్చి. బేడీలు వేశాడు. టేబులు కిందికి వంగి, "మీ పిస్తోలు నా దగ్గరుందండి" అన్నాడు. మెయిన్ పైకెత్తాడు. ఎంత ఒద్దికగా చేస్తున్నాడో అనుకున్నాను.

శరత్ గోడకి ఆనుకుని రొప్పుతున్నాడు. మోకాలు పక్కకి వంగిపోయి ఉంది. క్రిస్టఫర్ వైపు చూశాడు, వాపెక్కిన ఆ మూడు వేళ్ల వైపు చూశాడు.

"సోమవారం పొద్దున్న ఏడు నుంచి వీడు నా లాకప్‌లోనే ఉన్నాడు. కోర్టులో అలాగే రాసిస్తాను. ఉద్యోగం పోతే పోయింది."

నాకు పట్టరాని సంతోషం వేసింది. ఆ సంతోషంలో వీడి మీద కోపం సగం పోయింది. మిగతా సగం వేళ్ల కోసం దాచుకున్నాను.

"మీ మాటలకి విలువేముంది లాయరు ముందు" అన్నాడు హేమసుందర్, నెత్తురు ఉమ్ముతూ. "దీపం ఎట్టడానికొచ్చాను. కంప్యూటర్ చూసాను. అంతే. చంపినట్టు ఎవుడు చూసాడు? వీడియో ఏది? డిస్కులో ఏటీ నేదు."

అదీ నిజమే. క్రిస్టఫర్ బయటపడతాడు గానీ తోమాని చంపినట్టు రుజువు లేదు. మణికట్లు పట్టుకున్న రెండోవాడు ఎవడో కూడా తెలీదు. నేను మెషీన్ స్విచ్ నొక్కి, బీప్‌మని లేచిన తెర ముందు నిలబడి, అలవాటు కొద్దీ డిలీట్ మీద వేలు పెట్టాను.

"ఒద్దు మేడం" అన్నాడు క్రిస్టఫర్. "అది నొక్కొద్దు. ఎఫ్1 నొక్కండి. తోమా గారిలాగ."

"అదేంటి?"

"ఆదివారం రాత్రి తెల్లారగట్ల నాలుగింటికి కూడా కరెంటు పోయొచ్చింది మేడం. మా ఇంట్లో ఫ్యాను ఆగితే మెలకువొచ్చింది. తోమా గారు కళ్లజోడు లేకుండా ఆ నీలితెర సదవలేరు. ఎప్పుడూ ఎఫ్1 నొక్కేసి ఊరుకునేవారు. ఎఫ్1 నొక్కితే పాత డిస్కు లేస్తది. అది సచ్చిపోయిందని అందరూ అనుకుంటారు. సావలేదు మేడం, స్లో అంతే. మూడు నిమిషాలు పడతది. కెమెరా దాంట్లోనూ ఉంది." వాడి కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. "రోజూ తిట్టేవోణ్ని ఆయన్ని. పాత డిస్కు ఎందుకు ఎక్కిస్తారు, వీడియోలన్నీ దాంట్లో పడిపోతున్నాయని."

హేమసుందర్ మొహంలో రంగు ఆ మాటతో పోయింది. వాడు తుడిచింది కొత్త డిస్కుని.

ఎఫ్1 నొక్కాను. తెర నల్లబడింది. పాత డిస్కు కరకరమని రాపాడుతూ తిరిగింది. మూడు నిమిషాలు పట్టింది. కిటికీ అవతల నాతవరం షేర్ ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. చివరికి కెమెరా సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. వీడియోలన్నీ ఒకే తేదీ కింద ఉన్నాయి, 2010 జనవరి ఒకటి. అన్నిటికన్నా కింద ఉన్నది నొక్కాను.

తోమా కుర్చీలో ఉన్నాడు. ముందు హేమసుందర్, చేతిలో రాడ్. ఏదో అడుగుతున్నాడు. తోమా తల అడ్డంగా ఊపాడు, మెల్లగా, రెండుసార్లు. వెనక నుంచి రెండు చేతులొచ్చి ఆయన మణికట్లు పట్టి కుర్చీ వెనక్కి విరిచాయి. రాడ్ లేచింది. శరత్ అప్రయత్నంగా కళ్లు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. అయిదు లెక్కపెట్టాను. అయిదోది అయ్యాక వెనకున్న మనిషి చేతులు వదిలి, ఖాకీ ప్యాంటుకి తుడుచుకుని, తలెత్తి సరిగ్గా కెమెరా వైపు చూశాడు.

నా వెనక తలుపు గడియ పడింది.

శరత్ నడుము తడుముకున్నాడు. ఒర ఖాళీగా ఉంది, పిస్తోలు దేవుళ్లు తిరిగివ్వలేదు.

"సీఐ గోరూ" అన్నాడు దేవుళ్లు, గొంతులో ఇందాకటి ఒణుకు లేదు. "ఆ లారీ నా బామ్మర్ది పేరు మీదుందండి గానీ నాదేనండి. అమ్మగోరూ, బేగి పక్కకి తప్పుకోండి. ముందు ఆ పెట్టె పగలగొట్టాల."

పిస్తోలు గొట్టం నా మీంచి టేబులు కిందికి, సీపీయూ వైపు దిగింది. నేను కదిలేలోపే బేడీ గొలుసు సాగినంత మేరా క్రిస్టఫర్ నేల మీద ఈడ్చుకుంటూ వెళ్లాడు. విరిగిన వేళ్ల చేతిని ఆ పెట్టె చుట్టూ వేసి, దాన్ని గుండెకి హత్తుకుని, వీపు దేవుళ్ల వైపు తిప్పాడు.

"పాత డిస్కండి" అన్నాడు క్రిస్టఫర్. "తోమా గారు ఎక్కించింది."

దేవుళ్లు కాల్చడానికి పిస్తోలు మీట వెనక్కి లాగాడు.